రెండు ముళ్ళ దారం

చోడవరం,
3 జూన్ 2025

బావగారికి,

ఉత్తరం రాయడం మాట్లాడటం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని ఇది రాస్తున్నాను. మా అమ్మాయిని మీ అబ్బాయికిచ్చిన ఈ తొమ్మిదేళ్ళలో మీకు నేను రాసిన పదకొండో ఉత్తరం ఇది. నాలుగో ఉత్తరం మా శాఖా గ్రంథాలయం నుంచి మీరు పట్టుకెళ్ళిన కొబ్బరి సాగు పుస్తకం గురించి. నేను రిటైరయ్యాను గానీ అల్మరాలో ఆ పుస్తకం ఉండాల్సిన ఖాళీ నా కళ్ళ ముందు నుంచి రిటైరవలేదు. గాజువాకలో రెండో అంతస్తు ఫ్లాటులో కొబ్బరి సాగు ఎంతవరకు వచ్చిందో తీరికున్నప్పుడు తెలియజేయండి.

అసలు సంగతి. మన మనవరాలు దేవిశ్రీ వేసవి సెలవులకి నలభై రోజులు మా ఇంట్లో ఉంది. ఆ నలభై రోజులూ మా ఆవిడ అచ్చియ్యమ్మకి బియ్యం చెరుక్కోడానికి చేట దొరకలేదు. పిల్ల దాన్ని పొట్టకి ఆనించుకుని, చీపురుపుల్లతో గీకుతూ వరండాలో కచేరీలు చేసింది. శ్రోతలు నేనూ, ఎదురింటి మేకా. మేక మధ్యలో లేచిపోయేది.

జూలై ఇరవైకి దానికి ఏడేళ్ళు నిండుతాయి. ఎలక్ట్రిక్ గిటారు కావాలంది. హిమబిందు మీకూ చెప్పే ఉంటుంది: "తాతలిద్దరూ కలిసి ఒక్కటే కొనాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే గిటారు. లేదంటే కేకుతో సరి." మనిద్దరినీ మాట్లాడించడానికి నా కూతురు వేసిన ఎత్తు ఇది. నేను మాట్లాడను. ఎందుకో మీరు మరిచిపోయి ఉంటారు, నేను మరవలేదు. పెళ్ళిలో చీడికాడ నుంచి నేను బతిమాలి పిలిపించుకున్న సన్నాయి మేళం పెద్దాయన కల్యాణి అందుకున్నాడు. మీ వైపు వాళ్ళు విశాఖపట్నం నుంచి తెచ్చిన డీజే పెట్టెలు అదే క్షణంలో మొదలయ్యాయి. ఆయన వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు. మీరు ఆ పెట్టెల ముందు రుమాలు ఊపుతున్నారు. ఫొటో ఉంది.

కాబట్టి కరెంటు వాయిద్యం అంటే నేను అడ్డం పడతానని మీరు అనుకుంటారు. పడను. నెల రోజులు దీని మీద చదివాను. మామూలు చెక్క గిటారు కంటే ఎలక్ట్రిక్ గిటారు తీగలు సన్నం, ఒళ్ళు పలచన, చిన్న వేళ్ళకి నొప్పి తక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్కింటివాళ్ళకి వినబడదు. ఈ సదుపాయం మీ డీజేకి లేకపోయింది. పిల్లల కోసం ముప్పావు సైజు చేస్తారు, మెడ పొట్టిగా ఉంటుంది. బరువు చూసుకోవాలి. రంగు ఆఖర్న చూసుకోవాలి. మీరు మొదట చూస్తారని తెలిసే రాస్తున్నాను.

దేవిశ్రీని గోడకి నిలబెట్టి, చెయ్యి చాపించి చూసుకున్నాను. ఇందులో ఒక దారం పెట్టాను. రెండు ముళ్ళున్నాయి. అది దేనికో మీలాంటి అనుభవజ్ఞులకి విడమరిచి చెప్పడం అవమానించినట్టవుతుంది. అచ్చియ్యమ్మ వినాయకుడి గుడి కుంకుమ పొట్లం కూడా ఇందులోనే పెట్టమంది, పెట్టాను.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
గణపతిరావు


గాజువాక,
11 జూన్ 2025

గౌరవనీయులైన బావగారికి, మీ జగ్గారావు దండాలు.

ఉత్తరం అందింది. చదవడానికి రెండ్రోజులు పట్టింది. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య కూర్చున్న మనిషి అక్షరాలు ఇలాగుంటాయేటండీ. పోర్టులో క్రేను నడిపిన నాకే ఇంతకంటే మంచి దస్తూరీ ఉంది. మా కామాక్షమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుని చదివింది.

ముందుగా మీకు థాంక్స్ చెప్పాలి. తొమ్మిదేళ్ళకి మీ చెయ్యి మా ఇంటికేసి మంచికి చాపేరు. దారం చూసి కామాక్షమ్మ కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్యగారు పైకే అలాగ. దేవి గుంట మీద ఎంత పేణం లేకపోతే వినాయకుడి దగ్గర పెట్టించి దారం పంపుతారు" అంది. ఒక ముడి దిష్టికీ, ఇంకో ముడి చదువుకీ అని తనే తేల్చింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, శుక్రవారం పొద్దున్న గుంట ఎడం చేతికి కట్టింది. ఆడపిల్ల కదా, ఎడం చెయ్యే కదా మరి. కట్టేక మిగిలిన కొసలు కత్తిరించేసింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

దాంతో ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. మీరూ చూసే ఉంటారు, దేవిది ఎడం చేతి వాటం. పెన్సిలు ఎడం చెయ్యి, చెంచా ఎడం చెయ్యి. ఇప్పుడు ఎడం చెయ్యి లేపగానే కామాక్షమ్మ "దారం, దారం" అంటాది. దేవుడి దారం కట్టిన చేత్తో అలాటి పన్లు చెయ్యకూడదని చెప్పేం. గుంట టక్కున చెయ్యి మార్చేస్తంది. మీ పుణ్యమా అని నెలలో అలవాటు పోతాది.

ఇక గిటారు. ఆదివారం మా అబ్బాయి గౌరీశంకర్‌ని తీసుకుని హరిబాబు అనే కుర్రాడి మ్యూజిక్ షాపుకి వెళ్ళేను. ఒకటి చూసేను బావగారూ, ఎర్రగా, కొత్త కారులాగ మెరుస్తంది. పెద్ద సైజుది. మీరు రాసిన ముప్పావుది కూడా చూపించేడు గానీ, ఎదిగే పిల్లకి పొట్టిది కొంటామేటండీ. మనం చిన్నప్పుడు స్కూలు బట్టలు ఎలాగ కుట్టించుకున్నాం? రెండేళ్ళు వచ్చేటట్టు వదులుగా కుట్టించుకోలేదా? చెప్పులైతే ముందు దూది కుక్కుకుని తొడుక్కోలేదా? ఇదీ అంతే. పదేళ్ళొచ్చేసరికి అదే సరిపోతాది.

మీరు ఊఁ అంటే తెచ్చేస్తాను. కొబ్బరి పుస్తకం మా డైనింగ్ టేబులు పొట్టి కాలి కింద సేవ చేస్తంది. తీస్తే పప్పు ఒలికిపోతాది.

మీ
జగ్గారావు


చోడవరం,
16 జూన్ 2025

జగ్గారావు గారికి,

అది కొలత.

దారం మొదలు నుంచి మొదటి ముడి దాకా పిల్ల చెయ్యి పొడవు, భుజం నుంచి మణికట్టు వరకు. మొదటి ముడి నుంచి రెండో ముడి దాకా పిల్ల జాన. దర్జీకి ఇచ్చినట్టు గిటారు షాపువాడికి ఇవ్వమని పంపాను. దాన్ని తెచ్చి మీరు పసుపులో ముంచారు. నాకు దేవుడితో పెద్దగా పరిచయం లేదని ఊరంతటికీ తెలుసు. కుంకుమ అచ్చియ్యమ్మది, దారం నాది. పక్కపక్కన ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిపేయడమేనా.

విడమరిచి రాయకపోవడం నా తప్పే. మిమ్మల్ని ఎక్కువ అంచనా వేశాను.

ఇక చెప్పుల్లో దూది. ఆరో తరగతిలో మా నాన్న నాకు కుట్టించిన నిక్కరు ఎనిమిదో తరగతికి సరిపోయింది, నిజమే. ఆ మధ్యలో రెండేళ్ళు ఒక చేత్తో నిక్కరు పట్టుకుని, రెండో చేత్తో బతికాను. పరుగుపందెంలో ఎప్పుడూ ఆఖరు. నిక్కరు ఎదురుచూస్తుంది గానీ పిల్ల వేళ్ళు ఎదురుచూడవు. మెడ చివరకి చెయ్యి అందకపోతే పిల్ల అనుకునేది గిటారు పెద్దదని కాదు, తను చేతకానిదని. రెండు వారాల్లో దాన్ని మంచం కిందకి తోసేస్తుంది. పదేళ్ళొచ్చి అది సరిపోయే నాటికి దాని మీద మీ బనీన్లు ఆరుతుంటాయి.

ఆ ఎర్రదానికి నేను ఒప్పుకోను. పెళ్ళిలో ఒప్పుకున్నట్టు ఊరుకున్నాను, ఒకసారి చాలు.

అన్నిటికంటే ముందు, పిల్ల ఎడమ చేతికి కట్టిన ఆ దారం విప్పండి. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యాక కాదు, ఇప్పుడు. నా చేత్తో పంపిన దారం ఆ పనికి వాడినందుకు మిమ్మల్ని క్షమించడానికి ఇంకో తొమ్మిదేళ్ళు కావాలి, నా వయసులో అంత గడువు ఇవ్వలేను.

గణపతిరావు


గాజువాక,
24 జూన్ 2025

బావగారికి,

మీ ఉత్తరం కామాక్షమ్మే ముందు చదివింది. రెండ్రోజులు నాకు ఉప్పు లేని పప్పు పెట్టింది, తప్పు నాదైనట్టు. "మంచి మనసుతో కట్టేను, అన్నయ్యగారు అంత మాట అనేశారు" అని. దారం మాత్రం ఆ పూటే బ్లేడుతో కోసి తీసేసింది. మీరు ఇప్పుడు అన్నారు కదా, ఇప్పుడే తీసేం.

ఆ ముక్కే పట్టుకుని, ఈసారి దేవిని కూడా తీసుకుని షాపుకి వెళ్ళేను. హరిబాబు దారం అటూ ఇటూ తిప్పి చూసేడు. ముందే కొసలు కత్తిరించేశాం, మళ్ళీ బ్లేడు పెట్టేం, ఏం మిగుల్తాదండీ. "అంకుల్, ఈ కొలతకి గిటారు రాదు, కీచైనొస్తది" అన్నాడు. దేవి నవ్వింది. అక్కడి వరకు బాగానే ఉంది.

మీ మాట తీసెయ్యలేక ముప్పావుది దింపించేను. అది కూడా ఎర్రదే, మీరేం చెయ్యలేరు. గుంట మెళ్ళో పటకా వేసుకుని దాన్ని ఎడం చేతివైపు తిప్పి పట్టుకుంది, మెడ కుడివైపుకి వచ్చేటట్టు. హరిబాబు మంచోడే, "ఇలా కాదమ్మా" అని తిరగేసి పట్టించేడు. తను మళ్ళీ తిప్పింది. ఈసారి నేనే సరిచేసేను. గుంట నాకేసి చూసింది. తర్వాత తన చేతికేసి చూసుకుంది, దారం ఉందేమో అన్నట్టు. పటకా తీసేసి గిటారు నాకిచ్చేసింది.

"నాకొద్దు తాతా" అంది.

"ఏటే, నెల్రోజులుగా అదే కదా అడుగుతన్నావు?"

"వద్దు. కేకు చాలు."

ఇంటికొచ్చి బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది, కుడి చేత్తో. పిల్లలకి మోజులు అలాగే వస్తాయి, అలాగే పోతాయి అనుకుంటన్నాను. మీరు కూడా ఇక ఆ పుస్తకాలు మూసెయ్యండి. కేకు తెస్తే సరిపోతాది, దాన్లో మనకి తగువు లేదు.

ఇంకోటి. మీరు ప్రతి ఉత్తరంలో సన్నాయి సంగతి తెస్తన్నారు కాబట్టి చెప్పేస్తాను. పెళ్ళయిన నెలకి నాకే మనసు పీకి, పంచెల చాపు పట్టుకుని చీడికాడ వెళ్ళేను. ఆ పెద్దాయనకి చెప్పేను, మా వాళ్ళు తప్పు చేశారండి, క్షమించండి అని. ఆయన పంచెలు తీసుకుని పకపక నవ్వేడు. "డీజేకి నేనేటి ఆపుతాను బాబూ. జాతర్లో బాంబుల మధ్య వాయించినోణ్ణి. ఆ రోజు ఊదే పీక చీలిపోయింది. ఇంకోటి ఇంటికాడ సంచిలో మర్సిపోయి ఒచ్చేను. మీ పెట్టెలు టయానికి మోగి నా పరువు కాపాడేయి" అన్నాడు. ఇది మీకు చెబుదామనుకున్నాను. మీరు మాట్లాడరు కదా.

మీ
జగ్గారావు


చోడవరం,
29 జూన్ 2025

బావగారికి,

పీక సంగతి నాలుగుసార్లు చదివాను, పక్కన కాఫీ చల్లారిపోయింది. అచ్చియ్యమ్మ వచ్చి "ఏటైంది, ఒంట్లో బాగోలేదా?" అంది. ఉత్తరం ఇచ్చాను. చదివి వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది, నాకు వినబడేటట్టే. తొమ్మిదేళ్ళు ఇంత జాగ్రత్తగా పెంచుకున్న కోపం ఒక చీలిన పీక మీద నిలబడిందని తెలిస్తే మనిషి ఏమైపోవాలి. ప్రస్తుతానికి పెళ్ళిలో మీవాళ్ళు వడ్డించనివ్వని మా పులిహోర మీదికి దాన్ని మార్చుకున్నాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు.

మీరు ఒకటి అడగలేదు, అయినా చెబుతాను. నా దస్తూరీ అలా ఎందుకుంటుందో.

నాది ఎడమ చేతి వాటం. రెండో తరగతిలో మాస్టారు నా ఎడమ చేతిని నిక్కరు బొత్తానికి పురికొసతో కట్టేసి పలక కుడి చేతికి ఇచ్చేవారు. ఏడాది కట్టారు. ఆయన చెడ్డవాడు కాదు, మా అమ్మ కూడా ఆయనకి జున్ను పంపేది, పిల్లాణ్ణి బాగుచేస్తున్నందుకు. అలా బాగుపడిన చేత్తోనే ఈ అక్షరాలు రాస్తున్నాను. మీకు రెండ్రోజులు పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

పదకొండో ఏట, ఖరగపూర్ రైల్వేలో పనిచేసే మా మేనమామ ఒక మాండలిన్ తెచ్చాడు. చూడగానే తీసి నాకు వీలైన వైపు పట్టుకున్నాను. మామయ్య నవ్వి తిరగేశాడు. మళ్ళీ నా వైపుకి తిప్పుకున్నాను. మళ్ళీ తిరగేశాడు. మూడోసారి నేను "నాకొద్దు" అన్నాను. అంతే. మామయ్య దాన్ని తీసుకెళ్ళిపోయి అక్కడెవరి పిల్లాడికో ఇచ్చేశాడు. ఇంట్లో అందరూ, గణపతికి సంగీతం మీద ఇష్టం లేదు, పుస్తకాల పురుగు అని తేల్చేశారు. నేనూ అదే నమ్మి, పుస్తకాలు చదివాను. మిగిలిన ప్రపంచాన్ని తప్పుపట్టాను. రెండూ ఒక చేత్తో చెయ్యగలిగిన పనులే.

బావగారూ, పిల్లలు వద్దంటే జనం వెంటనే నమ్మేస్తారు. కావాలంటే మాత్రం వందసార్లు అడుగుతారు.

ఎడమ చేతి వాటం వాళ్ళకి వేరే గిటారు ఉంటుంది. తీగల వరస, ఒంపు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. అదీ ముప్పావు సైజులో దొరుకుతుంది, ముందుగా ఆర్డరు పెట్టాలి. కొందరు ఎడమ చేతి వాటం వాళ్ళు మామూలు గిటారే నేర్చుకుంటారని కూడా చదివాను. అది పిల్ల ఇష్టం. కానీ పట్టుకోకముందే తిరగెయ్యకండి. ఎర్రదే తెచ్చుకోండి, రంగు మీకు వదిలేస్తున్నాను.

కామాక్షమ్మ గారికి నా మాటగా చెప్పండి, తప్పు ఆవిడది కాదు. దారం మీద "కొలత" అని చీటీ కట్టనివాడిది. ముప్పై ఏళ్ళు పుస్తకాలకి చీటీలు అంటించాను, ఒక్క దారానికి అంటించలేకపోయాను.

దేవిశ్రీని ఇంకొక్కసారి అడగండి. నేను అడగమన్నానని చెప్పొద్దు.

గణపతిరావు


గాజువాక,
12 జూలై 2025

బావగారికి, ఈసారి మా ఇద్దరి దండాలు.

మీ ఉత్తరం నేను చదవలేదు, కామాక్షమ్మ చదివి వినిపించింది. పురికొస దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని మిగతాది చదివింది. ఆ రోజు మధ్యాహ్నం దేవి అన్నం కుడి చేత్తో తిని, పెన్సిలు ఎడం చేత్తో తీసింది. నేను కామాక్షమ్మకేసి చూసేను. "అన్నం కుడి చేత్తోనే తినాలి. గిటారు తింటామేటి? దాన్ని ఏ చేత్తో గీకితే మనకేటి?" అంది. మా ఇంట్లో చట్టాలు ఇలాగే మారతాయి.

హరిబాబు ఎక్కడికో ఫోన్లు చేసి, ఎడం చేతిది, ముప్పావుది తెప్పించేడు. ఎరుపు లేదన్నాడు. నీలం. నోరు మూసుకుని సరే అన్నాను. నిన్న సాయంత్రం దేవిని తీసుకెళ్ళేను, ఎక్కడికో చెప్పలేదు. "గుంట ముట్టుకున్నాక ఎవడూ మాట్లాడొద్దు, సెయ్యి ఎయ్యొద్దు" అని హరిబాబుకి ముందే చెప్పేను. నా నోటికి నేనే రుమాలు అడ్డం పెట్టుకున్నాను, పెళ్ళిలో ఊపిన రుమాలే.

"దేవీ, ఇంకోసారి సూస్తావేటే?" అని మాత్రం అడిగేను.

వద్దనలేదు. దగ్గరకెళ్ళి, ఎడం చేతివైపు పట్టుకుంది. నాకేసి చూసింది.

"తాతా, తిప్పవా?"

"తిప్పను."

"అంకుల్ తిప్పుతాడా?"

"అంకుల్ సేతులు జేబులో ఎట్టుకున్నాడు, సూడు."

హరిబాబు నిజంగానే పెట్టుకున్నాడు. గుంట కుడి చెయ్యి మెడ చివరిదాకా చాపి చూసుకుంది, అందింది. ఎడం చేత్తో తీగలన్నీ ఒక్కసారి గీకింది. స్పీకరు పెట్టెకి సౌండు ఎక్కువ పెట్టి ఉంచేడు ఆ కుర్రాడు. షాపంతా అదిరిపోయింది. ఎదురు కొట్టు అరటిపళ్ళావిడ లేచి నిలబడింది. దేవి మూడు సెకన్లు భయపడి, తర్వాత మళ్ళీ గీకింది. ఇంకా గీకుతూనే ఉంది. హెడ్‌ఫోన్ గురించి మీరు రాసింది ఎంత గొప్ప మాటో ఇప్పుడు తెలిసింది.

ఇక మనిద్దరం ఒప్పుకున్నట్టే కదా. హిమబిందుకి చెప్పేను, "మీ నాన్న ఊఁ అన్నాడు" అని. "మాట్లాడేడా?" అంది. "రాసేడు" అన్నాను.

ఇరవయ్యో తారీకు మీరూ చెల్లెమ్మగారూ రావాలి. పులిహోర మీరే చేయించి తెండి, నేనే నిలబడి వడ్డిస్తాను.

ఒక సంగతి. హరిబాబు కొట్లో గోడకి ఒక మాండలిన్ వేలాడతంది. తీగలు తిరగేసి కట్టొచ్చా అని అడిగేను. కట్టొచ్చంట. మీ చెయ్యి కొలిచి ఒక దారం పంపండి. ఎడం చెయ్యి. దేనికో మీలాటి చదువుకున్నాళ్ళకి విడమరిచి చెప్పడం అవమానించినట్టవుతాది.

మీ
జగ్గారావు


చోడవరం,
16 జూలై 2025

బావగారికి,

ఇరవైన వస్తున్నాం. మీతో మాట్లాడతానో లేదో అప్పటికి తేలుతుంది. పిల్ల వాయిస్తుంటే మాత్రం ఇద్దరం ఒకే సోఫాలో కూర్చోక తప్పదు.

మీరు మళ్ళీ తప్పు చెప్పారు. ఎడమ చేతి వాటం వాడికి మెడ పట్టేది కుడి చెయ్యి. అందుకని కుడి చెయ్యి కొలిచి పంపుతున్నాను. అచ్చియ్యమ్మ కొలిచింది. ముళ్ళు నేనే వేశాను, ఎడమ చేత్తో. అరవై ఏళ్ళ తర్వాత కూడా కుదురుగానే పడ్డాయి.

దారానికి "కొలత" అని చీటీ కట్టాను. కామాక్షమ్మ గారికి పసుపు దూరంగా పెట్టమనండి. కుంకుమ పొట్లం వేరే కవరులో వస్తుంది.

డైనింగ్ టేబులు కాలి కిందకి ఒక చెక్కముక్క తెస్తున్నాను, పుస్తకం తీసి ఉంచండి.

నేను ఇక ఎదిగేది లేదు. వదులుగా ఉండేది తేకుండా సరిపోయేదే తెండి.

గణపతిరావు